అమ్మకు రెండు పేర్లు.. వీసాకు ఒక్కటే!

విదేశాలకు వెళ్లే సరిహద్దు తెలుగువారికి కాగితాల చిక్కులు
ఇల్లు కదలకముందే సరిచూసుకుంటే మేలు

బళ్లారి కౌల్‌బజార్‌లో ఓ ఇల్లు. నవారు మంచం మీద పాత కాగితాలు పరిచి ఉన్నాయి. ఒకటి తెలుగులో, ఒకటి కన్నడంలో, ఇంకొకటి ఇంగ్లిష్‌లో. మూడింటిలోనూ ఉన్నది ఒక్కరే... ఆ ఇంటి పెద్దావిడ. పేర్లు మాత్రం రెండు!

భర్త పోయి మూడేళ్లయింది. ఒక్కగానొక్క కొడుకు అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. అమ్మను ఒంటరిగా వదిలేయలేక తన దగ్గరకు తీసుకెళ్లాలని 2021లో దరఖాస్తు పెట్టాడు. 21 ఏళ్లు నిండిన అమెరికా పౌరులు తల్లిదండ్రులను పిలిపించుకోవచ్చు. ఈ కోవలో ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి కూడా లేదు. పని త్వరగానే అయిపోతుందనుకున్నారు. 2022లో అటునుంచి లేఖ వచ్చింది. అందులోని సారాంశం ఒక్కటే. ఈమె మీ తల్లేనని రుజువు చూపండి!

కన్నతల్లినని ఏ కాగితం తెచ్చి చూపాలో ఆమెకు పాలుపోలేదు. వాడి మొహం చూస్తే తెలియదా అని ఇరుగుపొరుగు దగ్గర వాపోయారు. కానీ వీసా అధికారికి కనిపించేది మొహం కాదు, కాగితమే.

ఇంతకీ చిక్కు ఎక్కడొచ్చింది?

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. ఆమె పుట్టిల్లు అనంతపురం జిల్లా రాయదుర్గం. బళ్లారికి కూతవేటు దూరమే అయినా రాష్ట్రం వేరు. 1976లో బిడ్డ పుట్టగానే ఆమె తమ్ముడు వెళ్లి మున్సిపాలిటీలో నమోదు చేయించాడు. తల్లి పేరేంటని గుమాస్తా అడిగితే అక్కను ఇంట్లో ఏమని పిలుస్తారో అదే చెప్పాడు. అలా తెలుగు రిజిస్టర్‌లో పుట్టింటి పేరు ఎక్కింది.

అత్తింట్లో కథ వేరు. అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటే కావడంతో పెళ్లయిన కొత్తలోనే కోడలికి మరో పేరు పెట్టారు. అత్తగారిని పేరు పెట్టి పిలిచినట్లు అవుతుందని పెద్దల పట్టింపు. రేషన్ కార్డు, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకం, చివరికి పాస్‌పోర్టు... అన్నీ ఆ రెండో పేరు మీదే వచ్చాయి. నలభై ఏళ్లపాటు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. బళ్లారిలో ఆమెను ఎరగనివాళ్లు లేరు కాబట్టి!

కొడుకు బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి ఒకరు. పాస్‌పోర్టులో తల్లి మరొకరు. విషయం తెలియని అధికారికి ఇద్దరు వేర్వేరు మనుషుల్లాగే కనిపిస్తారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. బళ్లారి నుంచి హోసూరు దాకా, షోలాపూర్ నుంచి బరంపురం దాకా, యానాం సహా సరిహద్దుకు అటూ ఇటూ బతికే తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఎదురయ్యే చిక్కే. పుట్టింది ఒక రాష్ట్రంలో, చదివింది ఇంకో రాష్ట్రంలో. పెళ్లి మరోచోట. ఒక్కో ఆఫీసు ఒక్కో లిపిలో రాసింది. ఇక్కడ ఉన్నన్నాళ్లూ చెల్లిపోతుంది. విదేశానికి వలస వెళ్లాలనుకున్న రోజునే అన్నీ ఒకచోట చేరి పేచీ పెడతాయి.

ఒకే పేరు.. నాలుగు రూపాలు

ఉదాహరణకు వెంకటేశ్వరరావు అన్న పేరే తీసుకుందాం. ఆంధ్రలో ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. కర్ణాటకలో ఊరి పేరు, తండ్రి పేరు పొడి అక్షరాలై ముందో వెనకో చేరతాయి. షోలాపూర్‌లో తరతరాలుగా ఉంటున్న పద్మశాలీలు మరాఠీ పద్ధతిలో సొంతపేరు, తండ్రి పేరు, ఇంటిపేరు కలిపి రాస్తారు. అక్కడి బడి రికార్డుల్లో ఇంటిపేరే ముందుకొస్తుంది. ఒడిశాలో 'వ' కాస్తా 'బ' అవుతుంది. బరంపురంలో వెంకటరావు ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి బెంకటరావు అయిపోతాడు. బడిలో బెంకట, పాస్‌పోర్టులో వెంకట!

తమిళనాడుది ఇంకో తీరు. తమిళ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. 'త'కూ 'ద'కూ అంతే. తెలుగు గంగాధరం తమిళ కాగితంలోకి ఎక్కి, మళ్లీ ఇంగ్లిష్‌లోకి దిగేసరికి కంగాతరం అయినా ఆశ్చర్యం లేదు. రాసిన గుమాస్తా తప్పేం లేదు. లిపి అలాంటిది.

ఇక ఇనీషియల్. హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగువారు కూడా తమిళ పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని ముందు పెట్టుకుంటారు. ఇంటిపేరు పెళ్లి సంబంధాలప్పుడు తప్ప బయటకు రాదు. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు, విడమరిచి రాయాలి. దాంతో తండ్రి పేరు 'సర్‌నేమ్' గడిలోకి వెళ్తుంది. ఫలితంగా తాతకు ఒక సర్‌నేమ్, తండ్రికి ఒకటి, కొడుక్కి ఇంకొకటి. విదేశాల్లో సర్‌నేమ్ అంటే కుటుంబమంతటికీ ఒకటే ఉండేది. మూడు తరాలు, మూడు సర్‌నేమ్‌లు చూసి అక్కడి అధికారి తికమక పడతాడు. పైగా ఆఫీసులో పిలిచేటప్పుడు అందరూ మనవాడిని నాన్నగారి పేరుతో పిలుస్తారు!

కొందరు సర్‌నేమ్ గడిని ఖాళీగా వదిలేస్తారు. అది మరింత ఇబ్బంది. అలాంటి పాస్‌పోర్టుకు అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఉన్న పేరునంతా సర్‌నేమ్‌గా వేసి, సొంతపేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని అచ్చేస్తారు. అంటే మొదటి పేరు తెలియదని అర్థం. డ్రైవింగ్ లైసెన్స్ నుంచి బ్యాంకు ఖాతా దాకా ఆ మూడక్షరాలే పేరై కూర్చుంటాయి. యూఏఈ అయితే 2022 నవంబరు 21 నుంచి పాస్‌పోర్టులో ఒకే పేరున్న వారిని విజిట్ వీసాపై అనుమతించబోమని ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే ఒప్పుకొంటామని ఆ తర్వాత సడలించింది.

ఊళ్లూ మారాయి.. జిల్లాలూ మారాయి

మనుషుల పేర్లే కాదు, ఊళ్ల పేర్లూ నిలకడగా లేవు. బళ్లారి 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ తర్వాత మైసూరులో కలిసింది. ఇంగ్లిష్‌లో బెల్లారీగా ఉన్న పేరును 2014 నవంబరు 1న బళ్లారిగా మార్చారు. 2021లో ఆ జిల్లాను చీల్చి విజయనగర జిల్లా చేశారు. హొసపేటలో పుట్టినవారి సర్టిఫికెట్‌లో ఒక జిల్లా ఉంటుంది, ఇప్పటి చిరునామాలో మరో జిల్లా ఉంటుంది.

బరంపురం, పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. 1992లో గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ జిల్లాలు వేరయ్యాయి. 2011లో ఒరిస్సా ఒడిశా అయింది. ధర్మపురి నుంచి కృష్ణగిరి 2004లో విడిపోయింది. తెలుగువారు ఎక్కువగా ఉండే సిరొంచ 1982 వరకు చంద్రాపూర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు గడ్చిరోలి జిల్లాలో ఉంది.

వీటికి భయపడాల్సిన పనిలేదు. దరఖాస్తులో పుట్టిన ఊరు సర్టిఫికెట్‌లో ఉన్నట్లే రాసి, ఫలానా సంవత్సరంలో పేరు మారిందని ఒక వాక్యం జత చేస్తే సరిపోతుంది. ఒక ఫారంలో పాత పేరు, మరో ఫారంలో కొత్త పేరు ఇష్టమొచ్చినట్లు రాస్తేనే ప్రశ్నలు వస్తాయి.

జూన్ 1న పుట్టినవాళ్లెంతమందో!

పాత బడి రిజిస్టర్లు తిరగేస్తే జూన్, జులై నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనిపిస్తారు. బడిలో చేర్చేటప్పుడు పుట్టినరోజు తెలియకపోతే అయ్యవారు వయసు సరిపోయేలా ఒక తేదీ వేసేవారు. అదే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి వెళ్లింది. ఇంట్లో ఉన్న అసలు జనన పత్రంలో మాత్రం వేరే తేదీ ఉంటుంది. ఉద్యోగానికి ఒకటి, వీసాకు ఇంకొకటి చూపిస్తే మోసం చేస్తున్నారన్న అనుమానం వస్తుంది. రెండింటిలో ఏది అసలైనదో తేల్చుకుని, రెండోదాన్ని ముందే సరిచేయించుకోవాలి.

అసలు సర్టిఫికెట్టే లేనివారి సంగతి? దేశమంతటికీ వర్తించే జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు పల్లెల్లో నమోదు అంతంతమాత్రమే. 1970 ఏప్రిల్ 1కి ముందు పుట్టినవారిలో చాలామందికి జనన పత్రం ఉండదన్న సంగతి అమెరికా అధికారులకూ తెలుసు. అలాంటివారు పుట్టిన ఊరి రిజిస్ట్రారు నుంచి రికార్డు లేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. దీన్నే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. దానికి తోడు బడి సర్టిఫికెట్, పుట్టుక సంగతి తెలిసిన దగ్గరి బంధువుల అఫిడవిట్లు జతచేయాలి.

సర్టిఫికెట్ ఉన్నా బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మరో సమస్య. నామకరణం కాకముందే నమోదు చేయించడంతో మగ, ఆడ అని మాత్రమే రాసి వదిలేశారు. పుట్టిన ఏడాదిలోపు అయితే రుసుం లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుంతో పేరు చేర్పించుకోవచ్చు. అసలు నమోదే కాకపోతే ఏడాది దాటాక మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత ఈ అధికారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు వంటివారికి వచ్చింది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి జనన పత్రం ఒక్కటే ఆధారం. ఇంట్లో పసిబిడ్డలున్నవారు ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేయొద్దు.

అనువాదం ఇంట్లో చేస్తే చెల్లదు

కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, తెలుగు... ఏ భాషలో ఉన్నా ఇంగ్లిష్ అనువాదం జతచేయాల్సిందే. మనకు రెండు మూడు భాషలు వచ్చు కదా, మనమే రాసేద్దాం అనుకోవడం సహజం. ఇక్కడే పప్పులో కాలేస్తున్నారు. కెనడాకు దరఖాస్తుదారు గానీ, కుటుంబ సభ్యులు గానీ చేసిన అనువాదం పనికిరాదు. అనువాదకుడికి అధికారిక గుర్తింపు లేకపోతే నోటరీ ఎదుట ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. బ్రిటన్‌కు అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, తేదీ, సంప్రదించే వివరాలు ఉండాలి. అమెరికాకు అనువాదం సరైనదనీ, రెండు భాషలూ తనకు వచ్చనీ అనువాదకుడు రాసి సంతకం చేయాలి.

అనువాదంలో పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్లే ఉండేలా ముందే చెప్పుకోవాలి. తమిళ పత్రంలో కంగాతరం అని ఉంటే, అది తమిళ లిపిలో గంగాధరం రాసే తీరేనని అనువాదకుడు కింద ఓ మాట రాస్తే సగం గొడవ తీరుతుంది.

ఆ తర్వాత ముద్రల పని. విదేశాల్లో మన పత్రం చెల్లాలంటే అపోస్టిల్ అనే ధ్రువీకరణ కావాలి. ఇందుకు సంబంధించిన హేగ్ ఒప్పందం మన దేశానికి 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది. కెనడాకు 2024 జనవరి 11 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఒప్పందంలో లేని యూఏఈ, కువైట్ వంటి దేశాలకు విదేశాంగ శాఖ ముద్ర పడ్డాక ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి.

సరిహద్దు కుటుంబాలకు అసలు తిప్పలు ఇక్కడే. విదేశాంగ శాఖకు పంపే ముందు సాధారణంగా ఏ రాష్ట్రం ఇచ్చిన పత్రాన్ని ఆ రాష్ట్రమే ధ్రువీకరించాలి. పుట్టింది రాయదుర్గంలో, చదివింది బళ్లారిలో, పెళ్లి హోసూరులో అయితే మూడు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరగాలి. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుం పత్రానికి 50 రూపాయలే. దీన్ని నేరుగా తీసుకోరు, శాఖ గుర్తించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. వాటి సేవా రుసుం అదనం. మధ్యవర్తులు వేలకు వేలు అడిగితే ఏ పనికి ఎంతో విడివిడిగా రాసిమ్మని అడగండి. అన్నిటికంటే ముందు, వెళ్లే దేశం ఈ ముద్ర అడుగుతోందో లేదో చూసుకోండి. అడగని కాగితానికి ముద్ర వేయించి డబ్బు పోగొట్టుకునేవారూ ఉన్నారు.

కాస్త ఊరటనిచ్చే విషయమూ ఉంది. 2018 నుంచి దేశంలో ఎక్కడి నుంచైనా పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. రాయగడవాసి విశాఖలో, బళ్లారివాసి కర్నూలులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోలీసు విచారణ మాత్రం దరఖాస్తులో ఇచ్చిన చిరునామాలోనే జరుగుతుంది. వలసకు అవసరమైన పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారానే తీసుకోవాలి. రుసుం 500 రూపాయలు.

యానాంలో ఫ్రెంచి కాగితం

యానాంది ఇంకో ప్రత్యేకత. ఇక్కడి పాత కుటుంబాల పెట్టెల్లో ఫ్రెంచి భాషలో రాసిన జనన, వివాహ పత్రాలు ఉంటాయి. ఫ్రెంచి పాలనలో 'ఎతా సివిల్' పేరుతో పౌర నమోదు జరిగేది. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ ప్రకారం ఫ్రెంచి పౌర చట్టాన్ని కోరుకున్నవారు తమకో ఇంటిపేరు ఎంచుకుని రాయించుకోవాల్సి వచ్చింది. ఒక కాగితం కోసం ఇంటిపేరు పుట్టుకొచ్చిందన్నమాట!

1954 నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. 1956లో సంతకాలు జరిగిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలనుకునే స్థానికులు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పాలన్నారు. అప్పుడు సంతకం పెట్టినవారి పిల్లలు, మనవలు ఫ్రాన్స్‌కు వెళ్లగలిగారు. ఊరుకున్నవారు భారతీయులయ్యారు. ఇప్పటికీ ఫ్రెంచి జాతీయత ధ్రువపత్రం కోసం ప్రయత్నించేవారిని అడిగేది ఆ వంశవృక్షాన్నే. తాతది, తండ్రిది, తనది... ప్రతి పుట్టుకకూ, ప్రతి పెళ్లికీ పత్రం కావాలి. మధ్యలో ఒక్క తరం కాకినాడ ఆస్పత్రిలో పుట్టి ఉంటే ఆ పత్రం ఆంధ్రప్రదేశ్‌ది అవుతుంది. పేరు అక్షరం తేడా వచ్చినా గొలుసు తెగినట్లే.

గల్ఫ్ బాట పట్టేవారికి..

చదువు తక్కువై కూలి పనులకు వెళ్లేవారి కష్టం మరో రకం. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు 'ఈసీఆర్' కోవలోకి వస్తుంది. వీరు సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి తీసుకోవాలి. పదో తరగతి పాసైనా సర్టిఫికెట్‌లో పేరు, పాస్‌పోర్టులో పేరు కలవక ఈసీఆర్‌లోనే ఉండిపోయేవారున్నారు. పేరు దిద్దించుకుంటే ఈ అనుమతి బెడద తప్పుతుంది.

అనుమతి ఎందుకులే, విజిట్ వీసా మీద పంపిస్తాం, అక్కడికెళ్లాక పని చూపిస్తాం అనే ఏజెంట్లున్నారు. ఆ మాట నమ్మితే ఉద్యోగ ఒప్పందం ఉండదు, బీమా ఉండదు. అనుమతి తీసుకుని వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకునే సేవా రుసుం 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించకూడదు. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

సంచిలో గసగసాలు.. సాక్షాత్తూ జైలే!

వీసా వచ్చాక సామాను సర్దడం మొదలవుతుంది. అమ్మలు, అత్తలు ప్రేమతో కట్టిచ్చే మూటలే కస్టమ్స్ దగ్గర కొంప ముంచుతాయి. మసాలాలో వేసుకునే గసగసాలు మనకు వంట దినుసు. యూఏఈ, సౌదీల్లో అది నిషేధిత మాదకద్రవ్యం కింద లెక్క. కొంచెమే కదా అంటే కుదరదు, కేసు పెడతారు. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దని పెద్దలు చెప్పేది అందుకే. నొప్పులకు వాడే ట్రామడాల్, దగ్గు మందుల్లో ఉండే కోడీన్ విషయంలోనూ అక్కడ కఠిన నిబంధనలున్నాయి. మందులు తీసుకెళ్తే డాక్టరు చీటీ వెంట ఉండాల్సిందే. ముందస్తు అనుమతి అవసరమేమో కూడా కనుక్కోవాలి.

అమెరికాకు పచ్చి కరివేపాకు తీసుకెళ్లకూడదు. నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెస్తుందని నిషేధించారు. ఇక్కడి బియ్యం కూడా సంచిలో పెట్టుకోకూడదు. ధాన్యాన్ని తినేసే ఒకరకం పురుగు వస్తుందని భయం. మాంసం పచ్చళ్లకు అనుమతి లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తినే వస్తువు ఏది ఉన్నా కార్డులో రాయాలి. రాసి చూపిస్తే మహా అయితే పారేస్తారు. దాచి దొరికితే జరిమానా. న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 డాలర్లు వేస్తారు. ఆస్ట్రేలియాలో తీవ్రతను బట్టి వీసా కూడా రద్దు చేయొచ్చు.

డబ్బు విషయానికొస్తే, ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు మన రూపాయలు 25 వేలకు మించి పట్టుకెళ్లకూడదు. చాలా దేశాలకు విదేశీ కరెన్సీ నగదు 3,000 అమెరికా డాలర్ల విలువ వరకే. మిగతాది కార్డులోనో బ్యాంకు ద్వారానో పంపుకోవాలి. అటు దిగాక అమెరికా, కెనడాల్లో ఆయా దేశాల డాలర్లలో పదివేలు దాటితే చెప్పాలి. తీసుకెళ్లడం తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు!

ఇంటి సామాను ఓడలో వెనక పంపేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కెనడాకు మొదటిసారి దిగినప్పుడే వెంట తెచ్చినవీ, వెనక రాబోయేవీ జాబితా రాసి బీఎస్‌ఎఫ్ 186 ఫారంతో ఇవ్వాలి. ఆ రోజు జాబితాలో లేని వస్తువు తర్వాత వస్తే సుంకం పడొచ్చు. నగలుంటే ఫొటోలు, విలువ రాసిన కాగితం దగ్గర పెట్టుకోవాలి. అమెరికాలో వాడిన ఇంటి సామానుకు 3299 నంబరు ఫారం ఉంటుంది. ఏడాది పాటు వాడినవై ఉంటే సుంకం ఉండదు. ఆస్ట్రేలియాలోనూ పన్నెండు నెలల నిబంధనే. కొత్త మిక్సీలు, కొత్త గ్రైండర్లు కొని పంపేకన్నా ఇంట్లో వాడిన పాతవే మేలు. ఒంటిమీద నగలు తిరిగొచ్చేటప్పుడు సమస్య కాకూడదనుకుంటే మన విమానాశ్రయ కస్టమ్స్‌లో బయల్దేరే రోజునే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి.

మళ్లీ బళ్లారి ఇంటికి..

లేఖ వచ్చాక ఆ ఇంట్లో మూడు దారులు ఆలోచించారు. పాస్‌పోర్టులో పేరు మారిస్తే బ్యాంకు, పింఛను, ఇల్లు అన్నిటిలో మార్చాలి. ఊరికే అఫిడవిట్ పంపితే చాలదేమోనని భయం. చివరికి తప్పు పుట్టిన చోటే దిద్దాలనుకున్నారు. 1969 చట్టం 15వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రారుకు ఆ అధికారం ఉంది. పాత నమోదును చెరపకుండా పక్కన సవరణ రాసి, సంతకం, తేదీ వేస్తారు. ఆధారాలు, విషయం తెలిసిన ఇద్దరి వాంగ్మూలం కావాలి.

నాడు పేరు చెప్పిన తమ్ముడే మళ్లీ రాయదుర్గం ఆఫీసుకు వెళ్లాడు. అప్పటికి డెబ్బై దాటింది. అక్క, ఈ పేరున్నావిడ ఒక్కరేనని రాసిచ్చాడు. రెండో వాంగ్మూలం పెళ్లి చూసిన పెద్దాయనది. పెళ్లి శుభలేఖ ఒకటి అటక మీద దొరికింది. అందులో వధువు పుట్టింటి పేరు ఉంది. రెండు పేర్లూ ఒక్కచోట కనిపించిన కాగితం మాత్రం వేరే. పెళ్లయిన ఏడాది అత్తింటివారు ఆమె పేరిట కొన్న స్థలం దస్తావేజు. అందులో రాయసగాడు ఫలానా అను ఫలానా అని రెండు పేర్లూ రాశాడు. ఆనాటి ఆ 'అను' అన్న మాటే ఇప్పుడు అక్కరకొచ్చింది!

ఎనిమిది నెలలు పట్టింది. సవరించిన సర్టిఫికెట్, దాని అనువాదం, దస్తావేజు నకలు, అఫిడవిట్లు అన్నీ కలిపి పంపారు. ఆ తర్వాత వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ. 2023 చివర్లో వీసా చేతికొచ్చింది.

బయల్దేరే ముందు రోజు రాత్రి పెట్టె సర్దుతుంటే కోడలికిష్టమని దాచిన కరివేపాకు మూటను మనవరాలి వరసయ్యే పక్కింటి అమ్మాయి బయటకు తీసింది. ఆమె కాసేపు అలిగినా ఒప్పుకొన్నారు. కాగితాల సంచిని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒళ్లోనే పెట్టుకుని విమానం ఎక్కారు.

ఇవీ మరవొద్దు

* ఇంట్లో అందరి పాస్‌పోర్టులు, జనన పత్రాలు, బడి సర్టిఫికెట్లు, పెళ్లి పత్రం పక్కపక్కన పెట్టి పేరు, తేదీ, ఊరు అక్షరం అక్షరం సరిచూడండి. వీసా ఆలోచన రాగానే ఈ పని చేయాలి, వచ్చాక కాదు.

* తేడా ఉంటే ఏ పత్రంలో మొదట తప్పు పడిందో అక్కడే దిద్దించండి. దాన్ని బట్టే మిగతావి.

* తల్లిదండ్రులకు జనన పత్రం లేకపోతే వారి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉండగానే అఫిడవిట్లు రాయించి పెట్టుకోండి. సాక్ష్యం చెప్పే తరం వెళ్లిపోతే కాగితం పుట్టదు.

* పాత దస్తావేజులు, శుభలేఖలు, రేషన్ కార్డులు పారేయకండి.

* పసిబిడ్డకు పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు సర్‌నేమ్ గడి ఖాళీగా వదలొద్దు. ఇంటిపేరో, తండ్రి పేరో ఇంట్లో అందరికీ ఒకే పద్ధతి పాటించండి.

* అసలు పత్రాలు చేతిసంచిలోనే ఉంచండి. నకళ్లు ఇంకో సెట్టు ఇక్కడ నమ్మకమైన వారి దగ్గర ఉంచండి.

* పాస్‌పోర్టు సందేహాలకు టోల్‌ఫ్రీ నంబరు 1800-258-1800.